డెస్క్‌టాప్ మీది జొన్నకంకి

కంప్యూటర్లో డెస్క్‌టాప్ ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను తెర వైపే వేలు చూపిస్తాను. అది తప్పని తెలుసు. ఒప్పు ఏమిటో మాత్రం ఇంతవరకు ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు. అర్థం కాకుండా తలూపే అలవాటు నాకు లేదు. అందుకే చెప్పబోయినవాళ్లందరూ చివరికి నా మీదే విసుక్కుని లేచిపోయారు.

ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మార్కెట్ యార్డులో పత్తికి పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర ఎందుకుంటుందో పిల్లలకు బల్ల గుద్ది చెప్పగలను. చదువు రానిదాన్ని కాదని తెలియడానికి ఇది చెబుతున్నాను. మా ముందుగదిలో, టీవీ పక్కన ఒక కంప్యూటర్ ఉంది. ఆన్‌లైన్ క్లాసుల కాలంలో కొన్నాం. దానికి సి అని ఒక డ్రైవు, డి అని ఒక డ్రైవు. ఎ, బి ఏమయ్యాయని అడిగితే అమ్మినాయన నవ్వాడు. నవ్వు జవాబు ఎట్లా అవుతుందో నాకు తెలియదు.

నేను ఏం దాచినా సి లోకే పోయేది. అక్కడ పెట్టమని నేను చెప్పింది లేదు, అదే పెట్టుకునేది. ప్రశ్నపత్రాలు, మార్కులు, పెళ్లిళ్ల ఫోటోలు, ఫోన్ నిండినప్పుడల్లా తెచ్చి కుమ్మరించినవి, అన్నీ. డి మాత్రం మా ఆయన పాత సినిమాలకు గోడౌను. సగం పైనే ఖాళీ. ఇంటి సామానంతా ఒక గదిలో కుక్కి, పక్క గదిలో ఆయన ఒక్కడే కాళ్లు చాపుకుని పడుకున్నట్టు ఉండేది వ్యవహారం. చివరికి సి నిండిపోయి ఎర్రగీత పడింది. నేను పట్టించుకోలేదు. ఇంట్లో నిండిపోయినవి చాలా ఉన్నాయి, అన్నింటికీ గీతలు పడవు.

కానీ ఆ తెర మీద, ఎడమవైపు కింది మూలలో, మా వదిన జొన్నకంకి ఉంది.

వదిన మా ఆయనకు అక్క. ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు వాళ్లది. ఆమె భర్తను నేను అన్నా అని పిలుస్తాను. ఆయన నేస్తాడు. నూలును కండెలకు చుట్టడం మొదలుకొని మిగతావన్నీ వదిన చేస్తుంది. ఇన్నేళ్లూ వాళ్లు నేసినవి సాహుకారు ఇచ్చిన డిజైన్లే. నూలు ఆయనది, బొమ్మ ఆయనది, చెయ్యి వీళ్లది. వదిన పెళ్లయిన కొత్తలో ఒకసారి దేవనకొండ వైపు చుట్టాలింటికి పోయి వస్తూ, బస్సు కిటికీలోంచి చూసిన జొన్నచేనును మనసులో పెట్టుకుని గళ్లకాగితం మీద ఒక చీర అంచు గీసింది. గడిగడికీ పెన్సిలు నింపి, ఒక కంకి, పక్కన ఆకు, మళ్లీ కంకి. సాహుకారుకు చూపిస్తే, "జొన్నలు ఎవురు కట్టుకుంటారమ్మా, మామిడిపిందె గీసుకొని రాపో" అన్నాడట. ఆ కాగితం ట్రంకుపెట్టె అడుగుకు పోయింది. ఆ అంచు ఏ చీరకూ ఎక్కలేదు.

చాలా ఏళ్ల తర్వాత వదినతో కలిసి ఆ పెట్టె సర్దుతుంటే నా కంటబడింది. పట్టుబట్టి తీసుకొచ్చి జిరాక్సు అంగట్లో స్కాన్ చేయించి, కంప్యూటర్లో పెట్టుకుని, కాగితం జాగ్రత్తగా తిరిగి ఇచ్చాను. ఆ తర్వాతి వానల్లో పెట్టెకు చెదలు పట్టి, మూలలు తప్ప కాగితమంతా పొడి అయిపోయింది. ఆ జొన్నకంకి లోకంలో ఎక్కడైనా మిగిలిందంటే, మా ముందుగదిలో ఆ తెర మీదే.

ఈ ఏడాది సాహుకారు పని తగ్గించాడు. మగ్గం ఖాళీగా పెట్టుకోవడం ఇష్టంలేక అన్న తన సొంతానికి ఒక చీరకు పడుగు, అంటే నిలువుపోగులు, ఎక్కించాడు. అంచు ఏదెయ్యాలో నువ్వే చెప్పమని వదినను అడిగాడు. ఆమెను అట్లా అడగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. వెంటనే నాకు ఫోన్ చేసింది.

"అమ్మీ, ఆ కంకి ఉండాదా, యాడికన్నా పోయిందా?"

"కళ్లముందే ఉంది వదినా."

"ఆదివారం వస్తా. కాయితం మీద తీసియ్యి. అట్టలు గుచ్చే ఆయప్పకు సెప్పి పెట్టినా."

గళ్లకాగితం చూసి, దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు వేరే ఉంటారు. ఆ అట్టల దండ మగ్గం పైన కట్టి ఆడిస్తే బొమ్మ అంచుగా పడుతుంది. కాగితం లేనిదే అట్టలు లేవు. వదిన కొత్తగా గీద్దామన్నా కుదరదు. ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. గళ్లకాగితం ముందు పెడితే గళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బూడిదరంగు ముద్దలా కనబడుతున్నాయని చెప్పింది.

శనివారం సాయంత్రమే ప్రింటు తీసి పెడదామని కూర్చున్నాను. ప్రింటు రాలేదు. సి లో చోటు లేదు, ముందు ఖాళీ చేయి అంది కంప్యూటర్. ఒక్క కాగితం బయటికి పంపడానికి లోపల చోటు ఎందుకో ఎవరైనా చెప్పగలరా. ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన మా ఆయనకు స్నేహితుడు. ఆయనకు ఫోన్ చేశాను. మరదలి పెళ్లికి గుంతకల్లు పోతూ బస్సులో ఉన్నాడు.

"సింపుల్ అక్కా. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, ఒక్కోదాని మీద రైట్ క్లిక్ కొట్టు. ప్రాపర్టీస్ లోకి పో. లొకేషన్ అని ఉంటాది. మూవ్ కొట్టి డి ని సూపీ. సామానంతా డి లోకి పోతాది. సి ఖాళీ."

"డెస్క్‌టాప్ అంటే తెర కదా. తెరను డి లోకి ఎట్లా తోస్తారు?"

"తెర కాదక్కా. తెర మీద కనపడేది."

"కనపడేది తెర మీదే కదా ఉంది."

"అరె, కనపడేది ఈడ. ఉండేది ఆడ, సి లో."

"మరి డి లోకి పోయినాక?"

"అప్పుడూ ఈడ్నే కనపడతాది. ఉండేది డి లో."

"కనపడేది కనపడేచోటే ఉంటే ఇంక పోయింది ఏంది?"

బస్సు హారన్ మోగింది. పక్కన ఎవరో చంటిబిడ్డ ఏడుస్తోంది.

"అడ్రసు మారుతాది అనుకో అక్కా. పరేషాన్ కావద్దు. కండక్టరు వచ్చినాడు." పెట్టేశాడు.

ఆదివారం మొదటి బస్సుకే వదిన దిగింది. నల్లద్దాలు, చేతిలో సంచి, సంచిలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. టీ కూడా తాగకుండా వచ్చి కంప్యూటర్ ముందు నా పక్కన కుర్చీ వేసుకుంది. మూలలో ఉన్న కంకిని పెద్దది చేసి చూపించాను. నల్లద్దాలు తీసి చూసి, మళ్లీ పెట్టుకుంది. "మసకగానే ఉండాది, ఉండాది లే" అంది. అంత ఆనందంగా ఆమె నాకు ఎప్పుడూ కనబడలేదు. దాన్ని మూసేసి, పని మొదలుపెట్టాను. ముందు ప్రింటుకు చోటు కావాలి, చోటు కావాలంటే డెస్క్‌టాప్ కదలాలి.

రిపేరు ఆయన చెప్పినట్టే రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. డి ని చూపించాను. డి ని చూపించమన్నాడు, డి ని చూపించాను. దాంట్లో ఒక గది కట్టి ఆ గదిని చూపించాలని ఆయన నోటితో చెప్పలేదు. తర్వాత, "అది తెలిసిందే కదక్కా" అన్నాడు. తెలిసినదాన్నయితే నేను ఆయనకెందుకు ఫోన్ చేస్తాను?

అప్పుడు కంప్యూటర్ ఒక ప్రశ్న వేసింది. పాతచోట ఉన్న ఫైళ్లన్నీ కొత్తచోటికి తరలించమంటావా? అవును, కాదు, వద్దు.

"ఏమడుగుతాంది అది?" అంది వదిన.

చెప్పాను.

"పెరకొద్దని సెప్పు" అంది వెంటనే.

"తరలించడానికే కదా కూర్చున్నాం వదినా."

"తరలిచ్చు, కాదన్ల్యా. కొత్తది అతుక్కోకముందే పాతది పెరుకుతారా ఎవరన్నా? నువ్వు సూసినావు కదా మగ్గం మీద."

చూశాను. ఒక పడుగు అయిపోయినప్పుడు వాళ్లు దాన్ని మొత్తం తీసెయ్యరు. నేసిన గుడ్డ కోసుకుని, పాత పోగుల కొసలు మగ్గం మీద అట్లాగే వేలాడనిస్తారు. కొత్త పడుగు తెచ్చి, వేళ్లకు బూడిద రాసుకుని, ఒక్కొక్క పాత పోగు కొసకు ఒక్కొక్క కొత్త పోగు మెలిపెట్టి అతుకుతారు. అన్నీ అతికాక మెల్లగా లాగితే, పాతది దారి చూపిస్తూ పోతుంది, కొత్తది దాని వెంట వస్తుంది. తొందరపడి పాతది లాగేస్తే మగ్గం మొత్తం విప్పి మళ్లీ మొదట్నుంచి పోగులు ఎక్కించుకోవాలి. ఎమ్మిగనూరులో ఆ పని తెలిసిన ఏ ఇంటి ఆడమనిషైనా ఆ ప్రశ్నకు వదిన చెప్పిన జవాబే చెబుతుంది.

నాకు ఆ మాట సబబుగానే తోచింది. నా చదువు కూడా తోడైంది. తరలించవద్దు అంటే, పాతవి పాతచోట ఉంచి కొత్తచోట ఇంకో జత తయారుచేస్తుంది కాబోలు, ఒకటికి రెండు ఉంటే నష్టమేముంది అనుకున్నాను. కాదు అనేదాని మీద నొక్కాను.

తెర ఒక్కసారి తుడిచిపెట్టుకుపోయింది. ప్రశ్నపత్రాలు లేవు, మార్కులు లేవు, మూలలో కంకి లేదు. మేమిద్దరం ఇంకా చూస్తూ ఉండగానే, ఆ ఖాళీలోకి మా ఆయన సినిమాలు ఒకటొకటిగా వచ్చి కూర్చున్నాయి. పాతవి, నలుపు తెలుపువి, ఆయన స్నేహితులు పెన్‌డ్రైవుల్లో ఇచ్చినవి, అన్నీ. పెళ్లివాళ్లను విడిదింటికి పిలిస్తే ఊళ్లో వాళ్లందరూ వచ్చి చాపలు పరుచుకున్నట్టు.

మా ఆయన సగం గడ్డం గీసుకుని, ముఖాన నురగతో వచ్చాడు.

"నా సినిమాలు బయటికెట్లా వచ్చినాయి?"

"పిలిస్తే వచ్చినాయి. నీలాగా కాదు."

"అక్క కంకి తీయబోయి నా సామాను బజారున పెడితివి."

"నీ సామానెవురికి కావల్ల రా" అంది వదిన, తెర మీద నుంచి కన్ను తీయకుండా. "నా కంకి యాడ?"

వెతికాం. వెతకడానికి కంప్యూటర్లో ఒక పెట్టె ఉంది, దాంట్లో పేరు కొడితే చాలు. పేరేమిటో నాకు తెలియదు. స్కాన్ చేసినాయన ఏవో అంకెలు పెట్టాడు. నేను దాన్ని ఎప్పుడూ పేరుతో పిలవలేదు. ఎడమవైపు, కింద, మార్కుల పట్టికకు పక్కన. వంటింట్లో పసుపు డబ్బా మీద పసుపు అని రాసుకుంటామా? పొయ్యికి కుడివైపు రెండోది పసుపు. చోటే పేరు. ఆ చోటు పోయేసరికి నాకు వెతకడానికి ఏమీ మిగల్లేదు. కంకి అని కొట్టాను, జొన్న అని కొట్టాను, అంచు అని కొట్టాను. ఏమీ దొరకలేదంది. అబద్ధం చెబుతోందని నాకు అనిపించింది.

"ఈ సినిమాల కింద పడి ఉంటాదేమో. అవి తీసెయ్యి" అంది వదిన.

మా ఆయన గడ్డం ముగించుకోవడానికి లోపలికి పోయాడు. డి లో సినిమాలు ఎట్లాగూ ఉన్నాయి కదా, ఇవి తెర మీద కనబడే నీడలే కదా అనుకున్నాను. కనపడేది ఈడ, ఉండేది ఆడ అని చెప్పింది రిపేరు ఆయనే. నీడలను తుడిస్తే మనిషికేమవుతుంది? అన్నింటినీ కలిపి డిలీట్ నొక్కాను. ఇవి చెత్తబుట్టలో పట్టనంత పెద్దవి, శాశ్వతంగా పోతాయి, సరేనా అని అడిగింది. ఇందాక కాదు అని కదా చెడిపోయాం, ఈసారి అవును అన్నాను.

తెర శుభ్రమైపోయింది. వాటి కింద కంకి లేదు. డి తెరిచి చూశాను. డి కూడా శుభ్రంగా ఉంది.

మా ఆయన తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ వచ్చి ఖాళీ తెర చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది, నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన మెల్లగా, "నావి పోతే పోయినాయి లే. అక్కది కూడా దాంట్లోనే పోయిందా?" అన్నాడు.

ఆ మాట అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టలేదు. తెర మీద తుడిస్తే డి లో పోయింది. మరి కంకి అప్పటికి ఎక్కడుంది? తెర మీద లేదు కాబట్టి పోలేదా? కనపడలేదు కానీ అక్కడే ఉండి, సినిమాలతో కలిసి పోయిందా? ఏది దేని నీడో, ఏది దేని మీద ఉందో, నా తలలో ఒకదానితో ఒకటి చుట్టుకుపోయాయి. గుంతకల్లులో రిపేరు ఆయనకు ఫోన్ చేశాం. వెనక పెళ్లి బ్యాండు. "ఏం ముట్టుకోవద్దక్కా, ఆఫ్ చేసి పెట్టు, నేను వచ్చినాక సూస్తా" అన్నాడు. పోయిందా, ఉందా అంటే, "సూడందే ఎట్లా సెప్పేది" అన్నాడు.

వదిన రొట్టెలు మాకు పెట్టి తాను తినలేదు. సాయంత్రం బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కేముందు ఒక్క మాట అంది.

"చెదపురుగులన్నా కొంచెం మిగిలిచ్చినాయి కదమ్మీ. మూలలన్నా ఉన్నాయి."

సంచి ఆమెకు అందించాను.

రిపేరు ఆయన వచ్చేదాకా ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచాను. వదిన ఫోన్ చేయలేదు. నేను చేస్తే అన్న ఎత్తి, "పనిలో ఉండాదమ్మా" అని పెట్టేసేవాడు. పనేమిటని అడిగే ధైర్యం లేకపోయింది. మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంది, అంచు లేక ఆగి ఉంది, ఆ ఇంట్లో ఇంకేం పని? అట్టలు గుచ్చే ఆయనకు ఏం చెప్పి ఉంటుంది? మామిడిపిందెకు ఒప్పుకుందేమో అనిపించి, క్లాసులో మాట మధ్యలో ఆగిపోయేదాన్ని.

అడ్రసు మారుతుందని రిపేరు ఆయన చెప్పిన మాటను మాత్రం ఆ వారం చాలాసార్లు తిప్పి తిప్పి చూశాను. మా ఆధార్ కార్డుల్లో ఇప్పటికీ మేము ఖాళీ చేసిన అద్దెయింటి చిరునామానే ఉంది. ఏదైనా పోస్టు వస్తే ఆ ఇంటికే పోతుంది, ఆ ఇంటామె ఫోన్ చేసి, "మీ కాయితం వచ్చింది, పట్టుకుపోండి" అంటుంది. అంటే మేము ఒకచోట, మా పేరు ఒకచోట. ఇది కొంచెం అర్థమైనట్టే ఉంది. కానీ కంప్యూటర్లో జరిగింది దీనికి తిరగేసింది కదా. చిరునామా మారింది, మనుషులు పాతింట్లోనే ఉండిపోయారు. అట్లయితే కంకి పాతింట్లో ఉండాలి. మరి పాతిల్లు ఎక్కడ? తెర మీద ఉండేది. తెర మీద లేదు. ఇక్కడికి వచ్చేసరికి మళ్లీ మొదటికే వచ్చేదాన్ని. దుప్పటి నాలుగు కొసలు ఒక్కదాన్నే పట్టుకుని మడవబోయినట్టు, ఒక కొస అందితే ఇంకో కొస జారేది.

రిపేరు ఆయన వచ్చాడు. పెళ్లి మిఠాయి పొట్లం ఇచ్చి, టీ చల్లారేలోపు కూర్చుని సి తెరిచాడు. దాంట్లో యూజర్స్ అని ఒకటి, దాంట్లో నా పేరు, నా పేరులో మళ్లీ డెస్క్‌టాప్ అని ఇంకొకటి. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ దారిన పోలేదు. దాన్ని తెరిస్తే ప్రశ్నపత్రాలు, మార్కులు, అన్నీ ఉన్నాయి. కంకి కూడా.

"ఇదో అక్కా. యాడికి పోయింది? ఉన్నచోట్నే ఉండాది."

"మరి మొన్న ఎందుకు లేదు?"

"మొన్న కూడా ఉన్నింది. నువ్వు నో కొట్టినావు కదా, అందుకే కదల్లేదు."

"అంటే నో కొట్టడం మంచిదే."

"కాదు. ఎస్ కొట్టాల."

"ఎస్ కొడితే?"

"డి లోకి వచ్చిండేది. తెర మీద కనపడేది."

"తెర మీద కనపడితే నేను సినిమాలతో కలిపి దాన్ని కూడా తుడిచిండేదాన్ని."

"అప్పుడు సినిమాలను ఎందుకు తుడుస్తావక్కా?"

"అడ్డంగా ఉన్నాయని."

ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కిటికీ వైపు చూశాడు. నేను చెప్పిందాంట్లో తప్పేముందో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. అవును అని ఉంటే పోయేదో, కాదు అన్నందుకు మిగిలిందో, లేక ఏం చేసినా మిగిలేదో, ఈ ప్రశ్న ఆ రోజు ఎంత తిప్పి అడిగినా ఆయన ప్రతిసారీ ఒక కొత్త జవాబు చెప్పాడు. చివరి జవాబు, "అల్లా దయ ఉండాది అక్కా, టీ ఇంకొంచెం ఉందా" అన్నది. డి లో కొత్త గది కట్టి, డెస్క్‌టాప్‌ను ఆ గదికి చూపించి, ఈసారి అవును నొక్కాడు. సినిమాల్లో కొన్ని వెనక్కి తెచ్చాడు. కొన్నింటికి మాటలు వచ్చి బొమ్మ రాలేదు. అన్నీ నాకు కంఠతా వచ్చినవే లే అని మా ఆయన అవే వింటున్నాడు.

కంకి ప్రింటు తీశాను. రెండు తీశాను. కాలేజీకి సెలవు పెట్టి మధ్యాహ్నం బస్సు ఎక్కాను. ఫోన్ చేయలేదు. చేతిలో పెట్టి ఆమె ముఖం చూడాలని. కోటేకల్లు దాటేదాకా కాగితం మడత పడకుండా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. పక్క సీటామె ఏముందందులో అని తొంగిచూస్తే, జొన్నకంకి అన్నాను. ఆమె మా చేన్లో కావలసినన్ని ఉన్నాయి అంది.

వాకిట్లో చెప్పులు విడుస్తుంటేనే అన్న, మగ్గం కింద కాళ్లు దించుకుని కూర్చునే గుంటలోంచి, "సూసి రా అమ్మా, తొక్కొద్దు, తొక్కితే మీ వదిన సంపుతాది" అన్నాడు.

నడిమింటి నేల అంతా నల్లబండలు. ఆ బండల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సుద్దముక్కతో గళ్లు గీసి ఉన్నాయి. ఒక్కో గడి అరచెయ్యంత. కొన్ని గళ్లు తెల్లగా నింపి, కొన్ని ఖాళీగా. వదిన ఒక మూల మోకాళ్ల మీద కూర్చుని, తడిగుడ్డతో ఒక గడి తుడుస్తోంది. చీర కుచ్చిళ్లకు, మోచేతులకు సుద్ద. కాగితం మీది గళ్లు ఆమెకు కనబడవు. ఇంత పెద్దవి చేస్తే కనబడతాయి. ఇన్ని రోజులూ ఆమె పని ఇదీ. గుమ్మంలో నిలబడి చూస్తే అక్కడ ఒక కంకి, తల వంచుకుని ఉంది.

"దొరికింది వదినా" అన్నాను.

ఆమె లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితం తీసుకుంది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టింది. వాకిట్లో వెలుతురులోకి పోయి చూసింది.

"ఇది నాది కాదమ్మీ. ఇంకెవురిదో తెచ్చినావు."

"నీదే వదినా. ఒక్కటే ఉంది దాంట్లో."

"నాది వంగి ఉన్నింది. ఇది సూడు, పోలీసోని మాదిరి నిలబడుకోని ఉండాది."

కాగితంలో కంకి నిటారుగానే ఉంది. పక్కన ఆకు కూడా నిటారుగా ఉంది. నేలమీది కంకి వంగి ఉంది, దానికి ఆకు లేనే లేదు. ఏళ్లుగా ఆ మూలలో దాన్ని రోజూ చూసినదాన్ని, అది నిటారుగా ఉండేదా, వంగి ఉండేదా అని అడిగితే చెప్పలేకపోతున్నాను. గోరంత బొమ్మ అది, అక్కడుందని చూసేదాన్ని తప్ప ఎట్లా ఉందని చూసిందెప్పుడు? రిపేరు ఆయన ఏదైనా మార్చాడా? చోటు మారినప్పుడు బొమ్మ కూడా మారుతుందా? అన్నను అడిగాం. "నాకేం గుర్తమ్మా, ఆయమ్మ అప్పుడు సూపిచ్చినప్పుడు నేను ఆకలి మీద ఉన్నా" అన్నాడు.

"ఈ మూల చూడు వదినా" అన్నాను. స్కానులో కాగితం కుడి అంచున ఒక మరక పడి ఉంది. వేళ్ల ఆకారం కూడా తెలుస్తుంది. "పసుపు చేత్తో పట్టుకున్నావు. కాగితం నీది కాకపోతే మరక ఎవరిది?"

మరకను వేలితో రుద్ది చూసింది. ప్రింటు కదా, పోదు.

"మరక నాదే" అంది. "కంకి నాది కాదు."

దీని మీద నేను ఎంత వాదించానో చెప్పను. గీసింది నువ్వే, మర్చిపోయావు అన్నాను. మర్చిపోతే నేల మీద ఎట్లా వచ్చింది అంది. నేల మీద వచ్చింది వేరేది అన్నాను. వేరేది అయితే అదే నాది అంది. అన్న మగ్గం గుంటలోంచి, "ఇద్దురూ ఒకటి తేల్చండి, నా కాళ్లు తిమ్మిరెక్కినాయి" అన్నాడు.

సాయంత్రం అట్టలు గుచ్చే ఆయన సైకిల్ మీద వచ్చాడు. ఆయనకు కాగితం చూపించాను, వదిన నేల చూపించింది. ఆయన తలగోక్కున్నాడు. కాగితమైతే తనకు సులువు, గళ్లు ఉన్నవి ఉన్నట్టు గుచ్చుకుపోవచ్చు. నేలనైతే ముందు గళ్లకాగితం మీదికి ఎక్కించుకోవాలి. "ఏది ఎయ్యమంటారు?" అన్నాడు, నన్ను చూసి. నేను వదిన వైపు చూపించాను. ఆ మాత్రం నాకు తెలుసు.

"ఆ వంగింది ఎక్కిచ్చు" అంది వదిన.

ఆయన గళ్లకాగితం తీసి గడప మీద కూర్చున్నాడు. వదినకు పెన్సిలు గీతలు కనబడవు, ఆయనకు అక్కడి నుంచి నేల మొత్తం కనబడదు. అందుకని నన్ను బండల మధ్య నిలబెట్టి వరసగా చదవమన్నారు. నిండు, నిండు, ఖాళీ, నిండు. నేను చదువుతున్నాను, ఆయన నింపుతున్నాడు, వదిన నా కాళ్ల దగ్గర కూర్చుని వింటోంది. నా చేతిలో ఇంకా ఆ ప్రింటు ఉంది. కంకికి పక్కన ఆకు లేకపోతే ఆ జాగా బోసిగా కనబడింది నాకు. పాతదాంట్లో ఆ ఆకు చాలా బాగుంది. ఖాళీ అనాల్సిన ఒక గడికి నిండు అన్నాను.

"ఖాళీ అది" అంది వదిన, తలెత్తకుండా.

"ఒక్క ఆకు వదినా. నువ్వు గీసిందే."

"నీ చీర నేసుకునే పొద్దు పెట్టుకుందువులే. సదువు."

ఆయన రబ్బరుతో ఆ గడి చెరిపేశాడు. నేను చదివాను.